ఆ ఫ్లాష్‌ను నేను తగిలించలేదు

పదకొండు ఉత్తరాలు రాశాను. పర్సనల్ డిపార్ట్‌మెంట్‌కు ఆరు, జనరల్ మేనేజర్‌కు మూడు, యూనియన్‌కు రెండు. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఉత్తరం అందినట్టు ముద్ర వేసిన కాగితాలు మాత్రం వచ్చాయి. వాటన్నిటినీ తేదీల వరుసలో ఒక ఫైల్లో పెట్టుకున్నాను. నేను రిటైరైన రోజు చదివిన సన్మాన పత్రంలో నన్ను "టైమాఫీసులో విశేష సేవలందించిన" మనిషి అన్నారు. టైమాఫీసులో నేను కూర్చున్నది చివరి ఆరేళ్ళు. అంతకు ముందు ఇరవై మూడేళ్ళు ఆ ఫ్యాక్టరీకి నేను ఫొటోగ్రాఫర్‌ని. ఆ ముక్క పత్రంలో ఎక్కడా లేదు. చదివినాయన గొంతు మాత్రం బాగుంది.

ఇప్పుడు మన విశ్రాంత ఉద్యోగుల సంఘం వాళ్ళు పత్రికకు ఒక జ్ఞాపకం రాసిమ్మన్నారు. కొత్తగా చేరిన పిల్లలు చదువుతారట, వాళ్ళకు పనికొచ్చేది రాయమన్నారు. నాకు గుర్తున్నది ఒకటే. నా సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో ఒక వాక్యం ఉంది: "వేరే కంపెనీ ఫ్లాష్‌ను నిర్లక్ష్యంగా కెమెరాకు తగిలించి సంస్థ ఆస్తికి నష్టం కలిగించినాడు." ఆ వాక్యం వల్లే నా చేతిలోంచి కెమెరా పోయింది. ఆ ఫ్లాష్‌ను నేను తగిలించలేదు. ఇంతే సంగతి. కానీ ఇంతే అంటే ఎవరూ వినలేదు కాబట్టి మొదటి నుంచి చెబుతాను.

మాది నాచారం పారిశ్రామిక వాడలో ప్రభుత్వ రంగ పోత ఇనుము ఫ్యాక్టరీ. పోత పోసే షెడ్డులో మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగానే ఉంటుంది. నేల మీద నల్ల ఇసుక, పైన మసి పట్టిన అద్దాలు. ఫ్లాష్ లేకుండా అక్కడ ఫొటో తీస్తే మనిషి పళ్ళు తప్ప ఏమీ రావు.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. మనిషి రిటైరయ్యే రోజు అతని భార్యకు గేటు పాసు ఇచ్చేవారు. ముప్పై ఏళ్ళు పొద్దున్నే లేచి టిఫిన్ కట్టిన ఆవిడ ఆ ఒక్క రోజే లోపలికి వచ్చి, ఆయన ఎక్కడ నిలబడి పని చేశాడో చూసేది. ఆ జాగాలోనే ఇద్దరినీ నిలబెట్టి నేను ఫొటో తీయాలి. సాయంత్రం నాలుగున్నరకు జరిగే టీ పార్టీలో దాన్ని ఫ్రేము కట్టించి వాళ్ళ చేతికివ్వాలి. పార్టీ అయ్యాక గేటు దగ్గర ఆయన గుర్తింపు కార్డు తీసేసుకుంటారు. ఆ తర్వాత ఆ జాగాలో ఆయన మళ్ళీ నిలబడేది లేదు. పెళ్ళి ఫొటో పాడైతే దండలు మళ్ళీ వేసి తీయవచ్చు, దీన్ని మళ్ళీ తీయలేం. ఆ ఇరవై మూడేళ్ళలో నేను ఒక్కటి కూడా పాడు చేయలేదు.

డిజిటల్ కెమెరాలు కొత్తగా వచ్చిన రోజుల్లో మాకూ ఒకటి కొన్నారు. దానికి తగిన ఫ్లాష్ కూడా కావాలని నేను ఇండెంట్ రాస్తే, పర్చేజ్ ఆఫీసరు ఆ వరస కొట్టేసి పక్కన "పాతది ఉన్నందున అవసరం లేదు" అని రాశాడు. పాతది నా ఫిల్ము కెమెరాతో వచ్చిన ఫ్లాష్. అది ఒక కంపెనీది, ఈ కెమెరా ఇంకో కంపెనీది.

ఈ పర్చేజ్ ఆఫీసరూ నేనూ ఒకే వారంలో ఉద్యోగంలో చేరాం. మొదటి రెండేళ్ళు హబ్సిగూడలో ఒకే గదిలో ఉన్నాం. వంట నాది, గిన్నెలు తోమడం అతనిది. తర్వాత అతను పరీక్షలు రాసి ఆఫీసరయ్యాడు. బయట నువ్వు అనేవాణ్ణి, లోపల సార్ అనేవాణ్ణి. ఆ రోజు వెళ్ళి అడిగాను.

"పాతది మంచిగనే ఉన్నది గదా, మల్ల కొత్తదెందుకు?" అన్నాడు.

"అది ఆ కంపెనీ కెమెరా కోసం చేసింది సార్. ఇది వేరే కంపెనీ."

"అయితే ఏంది? నీ ఇంట్ల బల్బు ఒక కంపెనీది, హోల్డర్ ఒక కంపెనీది. ఎలుగుతలేదా?"

గదిలో ఉన్న ముగ్గురు క్లర్కులూ నవ్వారు. ఒకాయన కొంచెం ఎక్కువే నవ్వాడు.

పిల్లలూ, ఇక్కడ మీరు తెలుసుకోవలసింది ఒకటుంది. కెమెరా నెత్తిన ఫ్లాష్ కూర్చునే గాడి దాదాపు అన్ని కంపెనీలకూ ఒకేలా ఉంటుంది. చిక్కంతా అక్కడే. కూర్చుంటుంది కాబట్టి పని చేస్తుందని అనుకుంటారు. ఫిల్ము కాలం ఫ్లాషుల అడుగున ఉండే బొడిపె దగ్గర కొన్నిటికి చాలా ఎక్కువ వోల్టేజి ఉండేది. పాత కెమెరాల్లో ఉండేది ఇనప మీట, దానికి ఏమీ కాదు. కొత్త కెమెరాలో ఆ చోటే సన్నటి ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది.

మా ఎలక్ట్రికల్ షాపులో నా ఈడువాడే ఒకతను ఉండేవాడు. ఏ చుట్టరికమూ లేకుండానే ఒకరినొకరం బావ అనుకునేవాళ్ళం. ఫ్లాష్ తీసుకుపోయి అతనికిచ్చాను. మీటరు ముళ్ళు ఆ బొడిపెకు ఆనించి చూసి కళ్ళు పెద్దవి చేశాడు.

"బావా, ఇది ఫ్లాషా, వెల్డింగ్ మిషనా? రెండొందలు దాటింది సూడు!"

కోఠిలో కెమెరాలు బాగుచేసే పెద్దాయనకు ఫోన్ చేసి అడిగాను. నా కెమెరా రకం చెప్పగానే, "అది ఐదారు వోల్టులు మించి తట్టుకోదు. పెట్టినవంటే పాయె" అన్నాడు. ఈ రెండు సంగతులూ రాసి పర్చేజ్ ఆఫీసరుకు నోట్ పంపాను. జవాబు లేదు. కనీసం కెమెరాతో వచ్చిన పుస్తకమైనా ఇవ్వమని ఇంకో నోట్ రాశాను. ఆ పుస్తకం బిల్లుతో పాటు ఫైల్లో కట్టి ఉందని, ఆడిట్ అయ్యేదాకా విప్పరాదని క్లర్కు నోటిమాటగా చెప్పాడు. కెమెరా నా దగ్గర, దాన్ని వాడే విధానం బీరువాలో. దాన్ని పొందడానికి ఇంకో రెండు నోట్లు రాశాను. మీరు ఊహించినట్టే జరిగింది.

అప్పుడు నా దారి నేను వెతుక్కున్నాను. పెళ్ళి ఫొటోగ్రాఫర్లు వాడే స్లేవ్ అనే చిన్న బిళ్ళ ఉంటుంది. దాన్ని ఫ్లాష్ కింద తగిలిస్తే, గదిలో ఇంకో ఫ్లాష్ మెరిసిన వెలుగును పసిగట్టి ఇదీ మెరుస్తుంది. కొత్త కెమెరాకు నెత్తిన దాని సొంత చిన్న ఫ్లాష్ ఉంది. అది మెరిస్తే స్టాండు మీద దూరంగా ఉన్న నా పాత ఫ్లాష్ మెరుస్తుంది. రెంటికీ మధ్య తీగ లేదు, కరెంటు లేదు. ఎలక్ట్రికల్ బావ "మస్తున్నది" అన్నాడు. వాళ్ళ షాపు వరండాలో ఒక ఫొటో తీసి చూశాను. స్టాండు మీద ఫ్లాష్ మెరిసింది, ఫొటో తెల్లగా వచ్చింది. నాకు నేనే శభాష్ అనుకున్నాను.

వరండాలో మంచి ఎండ ఉంది. ఎండలో నిలబడి ఫ్లాష్‌ను పరీక్షించిన మేధావిని నేనే. ఇది నా తప్పు. నా పదకొండు ఉత్తరాల్లోనూ ఈ తప్పు రాసి ఉంది, కావాలంటే తీసి చూసుకోవచ్చు.

తర్వాతి నెలలో మౌల్డింగ్ మేస్త్రీ రిటైరయ్యాడు. ఇసుకలో అచ్చులు కట్టడంలో ఆయనంత పనితనం ఉన్నవాడు మా షెడ్డులో ఇంకొకడు లేడు. భువనగిరి వైపు నుంచి వచ్చినవాడు. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి. ఆయన భార్య ముదురాకుపచ్చ చీర కట్టుకుని, గేటు పాసు చేతిలో మడత పడకుండా పట్టుకుని వచ్చింది. షెడ్డులో అడుగు పెట్టి చుట్టూ చూసి, "గింత శీకట్లనా ఇన్నేండ్లు పని జేసినవ్? ఇంటికొచ్చి లైటు బందు జెయ్యని లొల్లి పెడ్తవ్ గదా" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వాడు.

ఇద్దరినీ ఆయన ఇసుక దిబ్బ పక్కన నిలబెట్టాను. స్టాండు సరిచేసి, కెమెరా నొక్కాను. ఫ్లాష్ షెడ్డంతా మెరిసింది. కెమెరా వెనక ఫొటో కనబడే అద్దం చూశాను. ఫొటో నల్లగా ఉంది. ఇద్దరూ రెండు నీడల్లా ఉన్నారు. మళ్ళీ తీశాను. మెరిసింది, ఫొటో నలుపు. మూడోసారి, నాలుగోసారీ అంతే. ఫ్లాష్ మెరవకపోతే దాన్ని తిట్టవచ్చు. ఇది అందరి కళ్ళ ముందూ మెరుస్తోంది. మెరిసిన వెలుగు ఎటు పోతోందో నాకు తెలియలేదు.

"ఏమైంది తమ్మీ, మా మొకాలు నచ్చలేదా నీ కెమెరకు?" అన్నాడు మేస్త్రీ.

"కొలిమి కాడ నల్లబడ్డ మొకం గదనే, నల్లగనే వస్తది" అని వెనక నుంచి ఎవరో అన్నారు. మళ్ళీ నవ్వులు.

అప్పుడు శాలువా కప్పడానికి మేనేజ్‌మెంట్ తరఫున పర్చేజ్ ఆఫీసరు వచ్చాడు. స్టాండు చూశాడు, బిళ్ళ చూశాడు, నన్ను చూశాడు.

"ఇదేం సర్కస్? ఫ్లాష్ ఆడ, కెమెర ఈడ. ఎక్కడన్న చూసినమా?"

"సార్, మీకు నోట్ పెట్టిన. దాని మీద పెడితే కెమెరా కాలిపోతది."

"నీ నోట్లు సదువుకుంట కూసుంటే పన్నెండింటికి కావాల్సిన ఫొటో రేపు పొద్దుగాల అయితది. ఇటు దే."

కెమెరా నా మెడలో లేదు, చేతిలో ఉంది. తప్పంతా అక్కడ జరిగింది. అతను చేయి చాపితే ఇరవై మూడేళ్ళ అలవాటు కొద్దీ ఇచ్చేశాను. స్టాండు మీది ఫ్లాష్ కింద నుంచి బిళ్ళను తనే పీకేసి, ఫ్లాష్‌ను కెమెరా నెత్తిన గాడిలోకి నెట్టాడు. టక్కుమని కూర్చుంది. నేను "ఒద్దు సార్, పెట్టకండి" అంటూ చేయి చాపి అడ్డం వెళ్ళాను. అతను నొక్కాడు.

వెలుగు వచ్చింది. ఆ ఒక్క ఫొటో వచ్చింది కూడా. అద్దంలో ఒక క్షణం కనబడింది, అతను "సూడు, ఎట్లొచ్చిందో!" అని అందరికీ తిప్పి చూపించాడు. ఆ తర్వాత అద్దం ఆరిపోయింది. బటన్ నొక్కితే చప్పుడు లేదు. బ్యాటరీ మార్చాను, కార్డు తీసి పెట్టాను. ఏమీ లేదు. అతను కెమెరాను నా చేతిలో పెట్టి, శాలువా కప్పి, చప్పట్లు కొట్టి వెళ్ళిపోయాడు.

మెమొరీ కార్డును పర్సనల్ డిపార్ట్‌మెంట్ క్లర్కు ఉప్పల్ చౌరస్తాలోని ల్యాబుకు తీసుకెళ్ళి ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి తెచ్చాడు. నాలుగున్నరకు టీ పార్టీ జరిగింది. నేను వెనక గోడకు ఆనుకుని ఉన్నాను. ఫ్రేము దూరం నుంచే చూశాను. మనిషి మనిషికీ సమోసా ఇచ్చారు, నా దగ్గరికి వచ్చేసరికి ప్లేటు ఖాళీ అయిపోయింది.

వారానికి మెమో వచ్చింది. వేరే కంపెనీ ఫ్లాష్‌ను తగిలించినందుకు సంజాయిషీ ఇవ్వమన్నారు. సంతకం ఎవరిదో చెప్పక్కర్లేదు. నేను మూడు పేజీలు రాసి విచారణ కావాలన్నాను. విచారణ జరిపారు. షెడ్డులో ఆ రోజు ముందు వరసలో ఉన్న నలుగురిని పిలిచారు. ఒక్కరూ అబద్ధం చెప్పలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. మేస్త్రీని ఇంటి నుంచి పిలిపిస్తే ఆయన వచ్చి, "గా ఎలుగుకు నా కండ్లు బైర్లు కమ్మినయి సార్. ఎవలు నొక్కిన్రో కండ్లవడలే. ఫొటోలు తీసేది తమ్ముడే గదా" అన్నాడు. మిగతావాళ్ళకూ కళ్ళు బైర్లే కమ్మాయి. ఎలక్ట్రికల్ బావ ఆ రోజు షెడ్డులోనే లేడు. కార్డు తెప్పించండి, అసలు ఫొటో చూడండి, నొక్కినవాణ్ణి నేనైతే ఆ ఫొటోలో నా చేయి ఎలా ఉంటుంది అని అడిగాను. అడ్డం వెళ్ళినప్పుడు నా చేయి తప్పకుండా పడి ఉంటుందని నా నమ్మకం. కార్డు దొరకలేదన్నారు. ప్రింటులో చేయీ గీయీ ఏమీ లేదన్నారు. తర్వాత సమాచార హక్కు కింద అడిగినా అదే మాట, కాకపోతే టైపు చేసి ఇచ్చారు.

అలా ఎర్ర సిరా వాక్యం పడింది. నన్ను టైమాఫీసుకు మార్చారు. ఆరేళ్ళు గేటు పక్కన కూర్చుని, వచ్చేవాళ్ళ వేళలు రాశాను. పర్చేజ్ ఆఫీసరు రోజూ నా ముందు నుంచే వెళ్ళేవాడు. ఏడు నిమిషాలు ఆలస్యంగా వస్తే ఏడు నిమిషాలే రాశాను. ఎక్కువా రాయలేదు, తక్కువా రాయలేదు.

ఆ నాలుగు ఫొటోలు ఎందుకు నల్లగా వచ్చాయో నాకు మూడేళ్ళ తర్వాత తెలిసింది. అదే రకం కెమెరా వాడే ఒక పెళ్ళి ఫొటోగ్రాఫర్ దగ్గర దాని పుస్తకం చూశాను. కొత్త కెమెరాల సొంత ఫ్లాష్ ఒకసారి కాదు, రెండుసార్లు మెరుస్తుంది. మొదటిది వెలుగు అంచనా కోసం, రెండోది ఫొటో కోసం. రెండూ ఎంత దగ్గరగా ఉంటాయంటే కంటికి ఒకటే మెరుపు. నా స్లేవ్ బిళ్ళ ఆ మొదటి మెరుపుకే పాత ఫ్లాష్‌ను పేల్చేసింది. అసలు ఫొటో పడే వేళకు అది ఖాళీ. కెమెరాలో ఒక అమరిక మారిస్తే ఆ మొదటి మెరుపు రాదు. పుస్తకంలో అరపేజీ. ఆ అరపేజీ నా దగ్గర ఉంటే అతను కెమెరా అడిగేవాడే కాదు. మీరు కెమెరా కొంటే ముందు పుస్తకం చదవండి. పుస్తకం ఇవ్వని చోట పని చేస్తుంటే, ఇవ్వలేదన్న సంగతి రాసి పెట్టుకోండి.

తెలంగాణ వచ్చిన ఏడాది నాచారం నుంచి నాకు ఫోన్ వచ్చింది. మేస్త్రీ పోయి ఆరు నెలలైందని, గోడ మీది ఫొటో రంగు వెలిసిపోతోందని, దాన్ని చూసి ఇంకొకటి తీసివ్వమని ఆయన భార్య అడిగింది. మెట్రో కోసం తవ్విన ఉప్పల్ రోడ్డు మీద బస్సులో గంటసేపు కుదుపులు తిని వెళ్ళాను. వదిన చాయ్ ఇచ్చింది. ఫ్రేము దింపి మంచం మీద పెట్టింది.

ఆ ఫొటోను దగ్గర నుంచి చూడటం నాకు అదే మొదటిసారి. బాగుంది. ఒప్పుకోక తప్పదు, అతను తీసిన ఫొటో బాగుంది. మేస్త్రీ నిటారుగా నిలబడి కెమెరాలోకి చూస్తున్నాడు. వదిన మాత్రం పక్కకు చూస్తోంది. ఆమె చూస్తున్న వైపు ప్రింటును కత్తిరించారు. కత్తిరించినవాడి చేయి సరిగా పడలేదు. అంచున నాలుగు వేళ్ళ కొసలు మిగిలి ఉన్నాయి. ఫిల్ము కడిగే డెవలపర్ మందులో ఏళ్ళ తరబడి నానిన నా గోళ్ళు, గోధుమరంగువి.

"గా ఫొటోల నేను పక్కకు సూసిననని ఆయన సచ్చేదాక ఎక్కిరించిండు తమ్మీ," అంది వదిన. "ఒక్క ఫొటో దిగుమంటే గోడ దిక్కు సూస్తవా అని."

"గోడ దిక్కేనా వదినా?" అన్నాను.

"గోడ దిక్కెందుకు సూస్త? నువ్వు ఒద్దు సార్, ఒద్దు సార్ అని ఒర్రుకుంట అడ్డమొస్తివి. ఏమైందో అని నీ దిక్కు సూసిన. గా శాలువా గప్పిన సారేమో టక్కున నొక్కె."

"నువ్వు చూసినవా? కళ్ళు బైర్లు కమ్మలేదా?"

"నేను కెమెరను సూస్తే గద కమ్మేది."

"మరి ఇన్నేండ్లు చెప్పలేదేంది వదినా?" అని అడిగాను.

"నన్నెవలడిగిన్రు?" అంది. కోపంగా కాదు, చాయ్ గ్లాసు తీసుకుంటూ మామూలుగానే. "ఆయన్ని బిలిచిన్రు, గా నలుగురిని బిలిచిన్రు. నువ్వన్న అడిగినవా?"

అడగలేదు. పదకొండు ఉత్తరాల్లో షెడ్డులో ఉన్న ప్రతి మనిషినీ రాశాను, కొలిమి దగ్గర ఉన్నవాణ్ణి, వెనక నుంచి ఎగతాళి చేసినవాణ్ణి కూడా. ఫొటో మధ్యలో నిలబడ్డ మనిషిని మాత్రం రాయలేదు. నా మాట ఎవరూ పట్టించుకోలేదని ఊరంతా చెప్పుకున్నవాణ్ణి, ఆమె అక్కడ ఉందన్న సంగతే పట్టించుకోలేదు. ఆ మాట ఆమెతో అన్నాను. "పోనీలే, ఇప్పుడడిగినవ్ గదా" అంది.

ఫ్రేమును కిటికీ దగ్గర ఆనించి, అద్దం మీద వెలుగు పడకుండా, ఫ్లాష్ లేకుండా కాపీ తీశాను. అంచున ఉన్న వేళ్ళతో సహా తీశాను. లేవబోతుంటే ఆమె, "చెప్పమంటే యాడికైన వచ్చి చెప్త తమ్మీ. ఆధార్ కార్డు గిట్ల దేవాల్నా?" అని అడిగింది.

ఇక్కడి నుంచి నేను రాసేది పిల్లలకు కాదు, హబ్సిగూడ గదిలో గిన్నెలు తోమినవాడికి.

ఈ పత్రిక నీకూ పోస్టులో వస్తుంది. నువ్వూ రిటైరయ్యావు, ఉప్పల్‌లోనే ఉంటున్నావు. రైతు బజారులో కనబడితే షుగరు ఎంతుందని అడుగుతావు, నేను చెబుతాను, ఎవరి సంచీ వాళ్ళం పట్టుకుని వెళ్ళిపోతాం. ఆ వాక్యం కొట్టేయించమని నేను నిన్ను అడగడం లేదు. కొట్టేయగలిగినవాళ్ళెవరూ ఇప్పుడు ఆ ఆఫీసులో లేరు. నాకు సంజాయిషీ కూడా అక్కర్లేదు. ఆ రోజు కెమెరా ఎవరి చేతిలో ఉందో వదినకు తెలుసు. నీకు తెలుసు, నాకు తెలుసు. ఆ ముగ్గురిలో ఇంతవరకూ నోరు విప్పనిది నువ్వొక్కడివే. ఆదివారం పదకొండింటి దాకా ఆమె ఇంట్లోనే ఉంటుంది. వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చుని, నొక్కింది నేనే అని ఒక్క మాట చెప్పు. నేనూ అక్కడే ఉంటాను. వస్తావా, రావా?